ఇడువకవ్వా, గుంజి పట్టు!

కిందటేడు, బోధన్ వైపు చెరుకు కోతలు మొదలైన రోజులు. నిజామాబాద్ ఖలీల్‌వాడిలో ఒక మందుల దుకాణం పైన మా ఆఫీసు. ఆఫీసంటే రెండు కంప్యూటర్లు, ఒక కూలరు, డాక్టరుగారి గది అనుకుని మెట్లెక్కి వచ్చేసే పేషెంట్లు. మేం గేములు తయారుచేస్తాం. ఈ మాట చెబితే మా జిల్లాలో నూటికి తొంభై మంది "ఆడితే పైసలిస్తరా?" అని అడుగుతారు. ఆడం, తయారుచేస్తాం అని చెబితే మొహంలో ఉన్న ఆ కాస్త ఆసక్తీ పోతుంది.

మేం అంటే ఇద్దరం. నేను లింబాద్రిని, కోడ్ రాసేవాణ్ణి. రెండోది రజిత. చందూర్ దగ్గర వరి పండించే ఇంటి పిల్ల, హైదరాబాదులో బొమ్మల కోర్సు చదివి తిరిగొచ్చింది. నన్ను అన్నా అంటుంది. ఆమె ఎద్దును గీస్తుంది, నేను నడిపిస్తాను. ఆమె కాలువను గీస్తుంది, నేను నీళ్ళు పారిస్తాను. ఇద్దరి మధ్యా పని పంపకం అంతే.

ఈ పంపకంలో నాకొక సుఖం ఉండేది. రజిత ఎంత బాగా గీసినా, ఆ బొమ్మ కదలాలంటే నా దగ్గరికి రావాలి. "అన్న, గీ ఎద్దు తోక జర ఊపరాదు?" అని అడిగేది. నేను వెంటనే చేసేవాణ్ణి కాదు. కుర్చీలో వెనక్కి వాలి, "చూద్దాం" అనేవాణ్ణి. తహసీల్దారు కూడా అంత బిగువుగా అనడు ఆ మాట. నన్ను ఒకరు అడగడం నాకు ఇష్టం, అందులో దాచడానికేముంది.

గేముకు ఇంజిన్ అని ఒకటుంటుంది. తెర మీద కనిపించదు. వదిలేసిన వస్తువు కింద పడాలి, గోడ తగిలితే మనిషి ఆగాలి, వేలు పెడితే బండి కదలాలి అని అన్నిటికీ చెప్పేది అదే. చాలామంది పెద్ద కంపెనీల ఇంజిన్ తెచ్చుకుని వాడతారు. నేను సొంతంగా రాసుకున్నాను. మన పల్లెల్లో తిరిగే చవక ఫోన్లలో కూడా ఫోను పెనంలా కాలకుండా గేము నడవాలని నా పట్టుదల. పెళ్ళిళ్ళు, పండగలు, నా వయసులో మంచి భాగం ఆ ఇంజిన్ తినేసింది. మా ఆవిడ దాన్ని "నీ పెద్దకొడుకు" అనేది.

అలాంటి సమయంలో గేములు చేసేందుకు ఒక కొత్త టూల్‌సెట్ వచ్చింది. పేరు చెప్పను. చెబితే దానికి ఇంకొంత ప్రచారం, నాకు ఇంకొంత కడుపుమంట. అందులో కోడ్ రాయనక్కర్లేదు. నీళ్ళు, ఎండ, గాలి, జంతువుల నడక అన్నీ సిద్ధంగా ఉంటాయి. ఏది ఎప్పుడు జరగాలో చిన్నచిన్న పెట్టెలను గీతలతో కలుపుతూ పోవడమే. అయిపోయాక ఒక బటన్ నొక్కితే గేము వాళ్ళ ప్లాట్‌ఫామ్ మీదికి ఎక్కుతుంది, ఎవరైనా ఏ ఫోనులోనైనా ఆడుకోవచ్చు.

మా జిల్లాలో గేములు చేసేవాళ్ళకు ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. పట్టుమని పదిమందిమి ఉంటామేమో. ఆ టూల్‌సెట్ వచ్చిన రోజు గ్రూపు పెళ్ళివారి విడిదిలా మోగిపోయింది. ఒకడు దండం పెట్టే బొమ్మలు వరసగా పంపాడు. ఒకడు ఇక ఫోను కవర్లు అమ్ముకుంటానని రాశాడు. ఇంకొకడు నిన్న నేర్చుకుని ఇవాళ దాని మీద కోచింగ్ మొదలుపెట్టాడు. మా వీధి చివర చిన్నచిన్న అడ్వర్టైజ్‌మెంటు గేములు చేసే జావీద్ భాయ్ అయితే ఫోన్ చేసి మరీ సంబరపడ్డాడు.

"లింబాద్రి భాయ్, కమాల్ ఉన్నది గిది! నేను పొద్దుగాల మొదలువెడితె పగటి తిండి యాల్లకు గేమ్ తయ్యార్. నువ్వు సూసినవా?"

"చూడలే. టైం లేదు," అన్నాను. అప్పటికి రెండుసార్లు చూశాను.

చూసింది మెచ్చుకోవడానికి కాదు, తప్పు పట్టడానికి. చవక ఫోనులో వేసి చూశాను, వేడెక్కుతుందేమోనని. చల్లగా ఉంది. నెట్ సరిగ్గా లేనిచోట వేసి చూశాను, ఆగుతుందేమోనని. ఆగలేదు. నేను ఏళ్ళ తరబడి కూర్చుని సాధించిందంతా వాళ్ళు ఉచితంగా, పెళ్ళిలో కిళ్ళీ ఇచ్చినట్టు ఇచ్చేస్తున్నారు. నా ఒళ్ళు మండిపోయింది.

ఆ మర్నాడు రజిత తన కంప్యూటర్ నావైపు తిప్పింది. తెర మీద కాలువగట్టు. చెరుకు బండి. రెండు ఎద్దులు.

"అన్న, తోక ఊగుతున్నది సూడు."

ఊగుతోంది. ఒక ఎద్దు చెవి కూడా ఆడించింది. నన్ను అడగకుండా ఊగుతున్న తోక అది. బాగుందని చెప్పాలి కాబట్టి చెప్పాను.  టీ తాగివస్తానని కిందికి దిగి, టీ కొట్టు అతనికి ఆ టూల్‌సెట్‌లో ఉన్న లోపాలన్నీ వివరించి చెప్పాను. పాపం, అతను పాలు పొంగిపోతున్నా విన్నాడు.

ఆ నెలంతా కనిపించిన ప్రతివాడికీ చెప్పాను. అది పిల్లలాట అన్నాను. ఆత్మ లేదన్నాను. రెడీమేడ్ చొక్కా అన్నాను. మా ఆవిడ విని విని, "కుళ్ళుకుంటే కుళ్ళుకున్నవ్ గని, అందరికి జెప్పుకుంట తిరుగుడెందుకు?" అంది. ఆమె అలా అన్నాక ఇంట్లో చెప్పడం మానేశాను, బయట మానలేదు.

అప్పుడే ప్రభాకర్ సార్ పని వచ్చింది. ఆయన బోధన్‌లో ఒక చిన్న ప్రైవేటు బడి నడుపుతారు. వాళ్ళ నాన్న చెరుకు బండి తోలినవాడు. ఇప్పుడు చెరుకు లారీల మీద ఎటో దూరం ఫ్యాక్టరీలకు పోతోంది. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ ముందు రాత్రీ పగలూ బారులు తీరిన బండ్లు ఇప్పటి పిల్లలు చూడలేదు.

"మా బడి వార్షికోత్సవానికి ఒక గేమ్ గావాలె," అన్నారాయన మా ఆఫీసుకు వచ్చి. "చెరుకు బండికెత్తుడు, కాలువగట్టు మీదికెళ్ళి తోలుకపోవుడు, ఫ్యాక్టరీ కాడ లైన్ల నిలవడుడు, కాంటా మీద తూపిచ్చుడు. ఇగ గంతే. పిల్లలతోటి వాళ్ళ ముసలోళ్ళు గూడ ఆడాలె."

నేను నా ఇంజిన్‌లో చేస్తానన్నాను. రజిత కొత్తదానిలో చేస్తానంది. ఆయన ఇద్దరి మొహాలూ చూసి, "ఇద్దరు చెయ్యిండ్రి. బడికాడ ఆడిపిచ్చి సూద్దాం. ఏది మంచిగ ఆడితె అది," అన్నారు.

ఆయన వెళ్ళాక రజిత అసలు మాట చెప్పింది.

"అన్న, ఒక మాట జెప్త, కోపం జేసుకోకు. గిది గెలిస్తె ఇగ మన పనంత గీ కొత్తదాంట్లనే. నీ ఇంజిన్ల ఒక్క చెట్టు మార్చాలన్న నేను వారం దినాలు ఆగాలె. నాతోని అయితలేదు. నువ్వు రానంటె నేనొక్కదాన్నే జేస్కుంట."

"నాది గెలిస్తే?"

"గెలిస్తె ఇంకో మాట మాట్లాడ. నీ తీరుగనే చేద్దాం."

అంటే ఆ బడి దగ్గర తేలేది ఒక గేము సంగతి కాదు. నా ఇంజిన్ ఉంటుందా పోతుందా, రజిత నా ఎదుటి కుర్చీలో కూర్చుంటుందా లేదా అన్నది. 

ఇక్కడ మా పనిలోని ఒక పద్ధతి చెప్పాలి. గేము తయారయ్యాక దాన్ని ఎన్నడూ చూడనివారి చేతిలో పెట్టి ఆడిస్తాం. దీన్ని ప్లే టెస్ట్ అంటారు. తయారుచేసినవాడు పక్కనే కూర్చుని చూడాలి, మాట్లాడకూడదు. ఎక్కడ తికమకపడుతున్నారో అలాగే తెలుస్తుంది. రేపు జనం ఇళ్ళలో ఆడుకునేటప్పుడు మనం పక్కన ఉండం కదా.

ప్రపంచంలో వేరేచోట్ల ఇది ఎలా సాగుతుందో నాకు తెలియదు. మా దగ్గర మాత్రం మహా కష్టం. మావాళ్ళు దారి అడిగినవాడికి వేలు చూపించి ఊరుకోరు, బండి వెనక ఎక్కి గమ్యం దాకా వస్తారు. పరాయివాడు క్యారమ్స్ ఆడుతుంటే వెనక నిలబడి గురి చెబుతారు. మా మొదటి ప్లే టెస్టుల్లో జావీద్ భాయ్ "అరె గటు గాదు, గిటు! దూకు, దూకు!" అని మొదటి నుంచి చివరి దాకా అరిచేవాడు. ఆడినవాడు గెలిచేవాడు, మేం ఏమీ నేర్చుకునేవాళ్ళం కాదు.

అందుకని నేనే ఒక నియమం పెట్టాను. టెస్టు జరుగుతుండగా మనవాళ్ళలో ఎవరు నోరు తెరిచినా ఆ గేము ఓడినట్టే. తలుపు వెనక పెద్ద అక్షరాలతో అంటించాను కూడా. ఒక గేముకు ఇంకో గేము పోటీగా ఉంటుందని, పోటీదారు పక్కనే కూర్చుంటాడని ఆ రోజున నాకెందుకు తోస్తుంది? అప్పటికి మా ఇద్దరిదీ ఎప్పుడూ ఒకే గేము.

ప్రభాకర్ సార్‌కు ఈ నియమం చెబితే తెగ నచ్చింది. "మంచిగున్నది, గిట్లనే చేద్దాం," అన్నారు.

రెండు గేములూ తయారయ్యాక ఒక సాయంత్రం, బడి విడిచే వేళకు ఇద్దరం బోధన్ చేరాం. వరండాలో బల్ల వేశారు. బల్ల మీద రెండు ఫోన్లు. ఆడేవాళ్ళ మొహం, చేతులు పడేలా ఒక కెమెరా పెట్టాం, అది మా మామూలు పద్ధతి. పిల్లల్ని తీసుకుపోవడానికి వచ్చిన పెద్దవాళ్ళను ప్రభాకర్ సార్ ఒక్కొక్కరినే పిలిచి కూర్చోబెట్టారు.

ముందు నాది. ఒకాయన ఆడాడు. ఎక్కడా ఆగలేదు. చెరుకు ఎత్తాడు, బండి తోలాడు, కాంటా ఎక్కించాడు, దించాడు. ఫోను బల్ల మీద పెట్టి, "మంచిగున్నది సార్," అని చెప్పి పిల్లను తీసుకుని వెళ్ళిపోయాడు. తర్వాత వచ్చినావిడ కూడా అంతే. చివరిదాకా ఆడి, "మంచిగున్నది" అని చీర కొంగు సర్దుకుని లేచింది. ఏ తప్పూ లేదు. దూరపు చుట్టం చావు పరామర్శకు వచ్చినవాళ్ళలా వచ్చి వెళ్ళారు.

తర్వాత రజితది. మొదట కూర్చున్నాయన కాలువ చూడగానే పక్కవాణ్ణి పిలిచాడు. "అరె, నిజాంసాగర్ కాలువ లెక్కనే ఉన్నది సూడు!" ఇంకో ఇద్దరు వంగి చూశారు. ఎద్దు చెవి ఆడించింది. ఎవరో నవ్వారు. బల్ల చుట్టూ గుంపు పెరిగింది. నా గేము ఉన్న ఫోను ఆ చివర ఎవరూ ముట్టుకోకుండా పడి ఉంది. దాని తెర ఆరిపోయింది కూడా. నేను వెళ్ళి మళ్ళీ వెలిగించాను. ఎవరి కోసం వెలిగించానో అడక్కండి.

ఆ గుంపును చూస్తుంటే నాకు రజిత మీద, ఆ టూల్‌సెట్ మీద, అది తయారుచేసిన మొహం తెలియని మనుషుల మీద, కిందపడిన చెరుకు ముక్క కోసం మెడ వంచిన ఆ బొమ్మ ఎద్దు మీద కూడా అసూయ పుట్టింది. బొమ్మ ఎద్దు మీద ఈర్ష్యపడ్డ మనిషిని మీరు చూసి ఉండరు. చూడండి, నేనే.

ఆయన కాంటా దగ్గర కాస్త తడబడి ఎలాగో గట్టెక్కాడు. అప్పుడు ప్రభాకర్ సార్ లచ్చవ్వను కూర్చోబెట్టారు. రెంజల్ వైపు ఊరు, మనవరాలి చదువు కోసం బోధన్‌లో కూతురింట్లో ఉంటోంది. చనిపోయిన మొగుడు చెరుకు బండి తోలేవాడట. ఫోను రెండు చేతులతో, వేడి గిన్నె పట్టుకున్నట్టు పట్టుకుంది.

బండి తోలింది. లైన్లో నిలబెట్టింది. ముందు బండి కదిలితే తానూ కదిలించింది. "మా ఆయిన గిట్లనే రెండు రాత్రులు లైన్లనే పండుకునేటోడు," అని మనవరాలికి చెప్పింది. కాంటా ముందు చిన్న ఎత్తు ఉంది. అక్కడ తెర మీది పగ్గం గుర్తు నొక్కి బండి ఆపి, కిందికి దిగి, ఎద్దులను ముందు నుంచి పట్టుకుని కాంటా మీదికి నడిపించాలి. బండి పూర్తిగా ఆగితేనే "దిగు" అనే బటన్ వెలుగుతుంది.

లచ్చవ్వ ఆపింది. వేలు తీసింది. బటన్ వెలగలేదు. మళ్ళీ ఆపింది, వేలు తీసింది. వెలగలేదు.

నాకు ఆ క్షణంలోనే అర్థమైంది. ఎత్తు మీద బండి కంటికి కనిపించనంత మెల్లగా వెనక్కి జారుతోంది. ఫ్రిక్షన్, అంటే చక్రానికీ నేలకూ ఉండాల్సిన పట్టు, ఆ టూల్‌సెట్ ఇచ్చిన కొలతే రజిత వదిలేసింది. పగ్గం గుర్తు మీద వేలు అలాగే నొక్కి పట్టుకుంటే తప్ప బండి ఆగదు. రజిత తన గేము కాబట్టి ప్రతిసారీ తెలియకుండానే వేలు నొక్కి పట్టి ఉంటుంది. చేసినవాళ్ళకు ఈ తప్పు కనబడదు. మొదటాయన కూడా ఇక్కడే తడబడ్డాడు.

నా లోపల ఎవరో చప్పట్లు కొట్టారు. నిజం చెబుతున్నాను, కొట్టారు. ఒక్క తప్పు దొరికింది! రజిత మొహం పాలిపోయింది. బల్ల అంచు పట్టుకుని పెదవి కొరుక్కుంటోంది. నేను చేతులు కట్టుకుని కూర్చున్నాను. నియమం ప్రకారం కూర్చున్నాను.

లచ్చవ్వ ఇంకోసారి ఆపింది. బండి జారింది. ఇంకోసారి. గుంపులో నవ్వులు ఆగిపోయాయి. వెనక బండ్లవాళ్ళు గేములో అరుస్తున్నారు, రజిత పెట్టిన అరుపులే. అవ్వ చెవులకు అవి నిజంగా తనను తిడుతున్నట్టే ఉన్నాయి.

"నాకు రాదు బిడ్డా," అంది మెల్లగా. "ఆయినుంటె తోలేటోడు." ఫోను బల్ల మీద పెట్టబోయింది. బండి వెనక్కి జారుతూనే ఉంది.

"ఇడువకవ్వా! గుంజి పట్టు!"

పెద్ద పిల్లల స్టడీ అవర్ కోసం అప్పుడే మోగుతున్న బడి గంటను మించి, వరండా అంతా వినపడేలా అరిచింది ఎవరో కాదు, నేనే.

అవ్వ ఉలిక్కిపడి వేలు నొక్కిపట్టింది. బండి ఆగింది. బటన్ వెలిగింది. దిగింది. ఎద్దులను పట్టుకుని నడిపించి కాంటా మీద నిలబెట్టింది. నోరంతా తెరిచి నవ్వింది. "తూగింది! తూగిందే పిల్లా!" అని మనవరాలి వీపు మీద ఒక్కటి చరిచింది. గుంపంతా చప్పట్లు. 

చప్పట్లు ఆగాక ప్రభాకర్ సార్ గొంతు సవరించుకున్నారు. "మరి రూల్ ప్రకారమైతే... మాట్లాడితె ఆ గేమ్ ఓడినట్టే గద. అంటే లింబాద్రిది గెల్చినట్టు."

అప్పటిదాకా నాకు నియమం గుర్తే లేదు. రజిత నావైపు తిరిగింది.

"ఎందుకు జెప్పినవన్న?"

"కావాలని కాదు రజితా. అవ్వ ఫోను పెట్టేస్తోందని..."

"నెల దినాల సంది ఊరంత తిరిగి నా గేమ్‌ను తిట్టినవ్. ఇయ్యాల అవ్వ మీద ప్రేమ పుట్టుకచ్చిందా? నా గేమ్ ఓడాలనే అరిసినవ్."

 ఇంకేం చెప్పినా ఎవరు నమ్ముతారు? నెలరోజులుగా ప్రతి మనిషికీ నా కుళ్ళు నేనే చాటింపు వేసుకున్నాను. కుళ్ళు లేకుండా చేసిన ఒక్క పనిని కూడా కుళ్ళు కిందే రాసుకున్నారు. తిరుగు బస్సులో రజిత ముందు సీట్లో కూర్చుంది, నేను వెనక. ఎడపల్లి దాటాక ఆమె పక్క సీటు ఖాళీ అయింది. నేను లేవలేదు, ఆమె తిరిగి చూడలేదు.

తర్వాత కొన్నాళ్ళు ఆమె ఆఫీసుకు రాలేదు. నేను గెలిచినవాణ్ణి కాబట్టి రోజూ వెళ్ళి కూర్చున్నాను. ఇంజిన్ తెరిచేవాణ్ణి. ఏ ఎద్దు తోకా ఊపమని ఎవరూ అడగలేదు. జావీద్ భాయ్ ఒకసారి తొంగిచూసి, "జీతే క్యా భాయ్? గెల్చినవట గద. ముబారక్," అని టీ అయినా తాగకుండా వెళ్ళిపోయాడు. ప్రభాకర్ సార్ ఫోన్ చేసి నా గేమే పెడతామని చెప్పారు. ఆయన గొంతులో కూడా ఆ "మంచిగున్నది సార్" వినిపించింది.

ఒక రోజు పొద్దున్నే మెట్ల మీద అడుగుల చప్పుడు. పేషెంటేమో అనుకుని "డాక్టరుగారు పక్క బిల్డింగు" అని అరిచాను. రజిత లోపలికి వచ్చి లాప్‌టాప్ నా ముందు పెట్టింది. ఆ రోజు మా కెమెరా తీసిన వీడియో.

"సూడు," అంది.

తెర మీద లచ్చవ్వ ఫోను పెట్టబోతోంది. ఆమె వెనక నేను. చేతులు కట్టుకుని ఉన్నవాణ్ణి ఒక్కసారిగా ముందుకు వంగాను. అరిచాను. నా కుడిచేయి గాలిలో పిడికిలి బిగించి, ఏదో తాడు ఉన్నట్టు వెనక్కి లాగుతోంది. అవ్వ దిగేదాకా లాగుతూనే ఉంది. ఆ సంగతి నాకే తెలియదు.

"అబద్ధం ఆడేటోని చెయ్యి గట్ల గుంజదన్న," అంది రజిత. "నిన్న సూసిన గిది. తప్పు నాది. ఉత్తగనే అన్న నిన్ను."

 వీడియోలో ఆ మనిషిని ఇంకోసారి చూడాలనిపించింది. చూశాను.

"ఫ్రిక్షన్ పెంచు, సరిపోతుంది," అన్నాను.

"పెంచిన. లచ్చవ్వ ఇంటికి పోయి మళ్ళ ఆడిపిచ్చిన గూడ. బండి మంచిగ ఆగింది. కాంటా ఎక్కింది. అవ్వ ఫోన్ కింద వెట్టి నన్ను ఏమడిగిందో ఎర్కనా?"

"ఏమంది?"

"'గా అరిసిన పిలగాడు ఏడి? ఇయ్యాల అరుస్తలేడేంది?' అన్నది."

నాకు నవ్వొచ్చింది. నలభైకి దగ్గరపడ్డవాణ్ణి పిలగాడు అన్నందుకు కాదు, నా అరుపు కోసం ఎదురుచూసినందుకు.

"బండ్లోళ్ళు లైన్ల ఉన్నప్పుడు ఒగలకొగలు గట్లనే అరుసుకునేటోళ్ళట," అంది రజిత. "ఒగని బండి జారితె పక్కోడు సూసుకుంట ఉండడు. గది నా గేమ్ల లేకుండె అన్న. ఎనుక బండ్లోళ్ళతోని తిట్టిపిచ్చిన గని, ఒక్కడన్న ఆసరైతలేడు. బండి మళ్ళ జారేటట్టు వెడుత. నీ గొంతు గావాలె."

"నా గొంతు నీ గేములోనా? మరి నా ఇంజిన్?"

రజిత ఆ వీడియో ఆపింది. "రూల్ ప్రకారం నువ్వే గెల్చినవ్. నువ్వు సరే అంటెనే పెడుత. వద్దంటె నీదే పోతది బడికి, నేను మాట మీద ఉంట."

నేను ఒప్పుకున్నానని ఒక్క వాక్యంలో రాసేస్తే బాగుంటుంది. కానీ అలా జరగలేదు. కిందికి దిగి టీ తాగాను. పైకొచ్చాను. మళ్ళీ దిగాను. నా ఇంజిన్‌ను నేనే ఓడించాలి. ఆ పెట్టెలూ గీతలూ గెలిచాయని నేనే చెప్పాలి.  టీ కొట్టు అతను ఏమైందని అడిగితే, "ఏం లేదు, అది గెలిచింది," అన్నాను. ఏది అని అతను అడగలేదు. అప్పటికి ఊళ్ళో అందరికీ తెలుసు.

పైకొచ్చి, ప్రభాకర్ సార్‌కు ఫోన్ చేసి రజిత గేమే పెట్టమని చెప్పి, "మైకు పెట్టు," అన్నాను.

ఎన్నిసార్లు అరిచినా కుదరలేదు. ఒకసారి నాటకంలో రాజులా వచ్చింది, ఒకసారి బస్సు కండక్టరులా. కూలర్ ఆపి, కిటికీ మూసి, కళ్ళు మూసుకుని లచ్చవ్వను తలచుకుని అరిచాను. కింద మందుల దుకాణం ఆయన పరిగెత్తుకొచ్చాడు, ఎవరికేమైందోనని. చివరికి రజిత మైకు కట్టేసింది.

"అయితలేదన్న. వీడియోల ఉన్నదే పెడుత."

అదే పెట్టింది. వెనక బడి గంట కొంచెం వినిపిస్తుంది. తీసేయడం కుదరలేదు, అలాగే ఉంచింది.

ఇప్పుడు మా పనంతా ఆ టూల్‌సెట్‌లోనే. రజిత నా ఎదుటి కుర్చీలోనే కూర్చుంటుంది, తోకలు తనే ఊపుకుంటుంది. ఏదైనా జారినా, ఇరుక్కున్నా, ఎందుకో తెలియకుండా ఆగినా నన్ను పిలుస్తుంది. అప్పుడు కూడా "చూద్దాం" అనే అంటాను, కానీ వెంటనే లేస్తాను. నా ఇంజిన్ ఒక పాత హార్డ్ డిస్కులో ఉంది. ఇంజిన్ రాసినవాడిగా నన్ను ఈ జిల్లాలో ఒక్కరూ గుర్తుపట్టలేదు. అరుపు వల్ల మాత్రం గుర్తుపడతారు. కూరగాయల మార్కెట్లో బేరమాడుతుంటే ఒకావిడ తలెత్తి, "నువ్వు గా బండి ఆటల అరిసేటోనివి గాదు?" అంది.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళు అడిగితే, ప్లే టెస్టులో నోరు మూసుకోమనే ఇప్పటికీ చెబుతాను. నియమం తలుపు వెనక అలాగే ఉంది. ఆ ఒక్కనాడు దాన్ని తప్పిన మనిషి గురించి మాత్రం ఏం చెప్పాలో తెలియదు. నా కుళ్ళు పోయిందా అని మా ఆవిడ అడుగుతుంటుంది. పోలేదు. కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా దాని లోపాల కోసం ఇంకా వెతుకుతాను. కుళ్ళు మనిషిలోంచి పోదని, ఒక్కోసారి అది ఏమరుపాటుగా ఉన్నప్పుడు మనిషి బయటికి వస్తాడని మాత్రం ఆ రోజు తెలుసుకున్నాను.

మొన్న బోధన్ బస్టాండులో నా ముందు బెంచీ మీద ఒకాయన ఫోనులో ఆ గేమే ఆడుతున్నాడు. కాంటా దగ్గర బండి జారింది. ఆయన వేలు తీయబోయాడు. ఫోనులోంచి ఆ గొంతు, వెనక సన్నగా బడి గంట. ఆయన గుంజి పట్టాడు, దిగాడు, తనలో తను నవ్వుకున్నాడు. తలెత్తి నన్ను చూడలేదు. ఆ అరుపు అరిచినవాడికి ఆ క్షణంలో ఎవరి మీదా ఈర్ష్య లేదు. నేను మాత్రం వెనక నిలబడి, ఆ అరిచినవాణ్ణి, ఆనాటి నన్నే, తలచుకుని కుళ్ళుకుంటూ ఉన్నాను.